చీకటి బెజవాడలో చిక్కుకున్నవారి కథ రాయడం ఎలా

అచ్చంగా విజయవాడ లాంటిదే మరొక ఊరు ఉందనుకోండి. అక్కడా కృష్ణ పారుతుంది, ఒడ్డున ఇంద్రకీలాద్రి ఉంటుంది, వీధుల్లో కనిపించే మొహాలు కూడా మనవాళ్లవే. కాని ఆ ఊరు మన ఊరికంటే కఠినమైనది, భయం మీద నడిచేది. ఇక్కడి నుంచి ముగ్గురు మనుషులు అనుకోకుండా అక్కడికి చేరి, వచ్చిన దారి మూసుకుపోవడంతో, తమ పేర్లతోనూ తమ పోలికలతోనూ బతుకుతున్న ప్రతిరూపాల మధ్య చిక్కుబడిపోతారు. ఇటువంటి కథ రాయాలనుకునేవారికి పనికివస్తుందని, కొన్నేళ్లుగా రాసి, చింపి, మళ్లీ రాస్తూ నేను నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ చెబుతున్నాను. ఉదాహరణలన్నీ బెజవాడవే తీసుకుంటాను. మీది మరో ఊరైతే ఆ ఊరి నదిని, ఆ ఊరి కరువును, ఆ ఊరి మాటను తీసుకోండి.

చీకటి లోకం అనగానే నల్లబట్టలు, కొరడాలు, వికటాట్టహాసాలు రాయాలనిపిస్తుంది. నా మొదటి ప్రతిలో నేను అవే రాశాను. దానిని చదివిన మా మేనత్త, "ఇందులో ఉన్నది మన ఊరూ కాదు, మన మనుషులూ కాదు, ఇంక నాకు భయం ఎందుకు వేస్తుంది?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు వెతకడంలోనే ఈ పద్ధతి అంతా తయారైంది.

మొదటి పని: రెండు ఊళ్లు విడిపోయిన చోటును నిర్ణయించండి

రెండు లోకాలు ఒక్క చోట మాత్రమే విడిపోవాలి. పది మార్పులు చేస్తే పాఠకుడు దేనినీ నమ్మడు. ఆ ఒక్క చోటు యుద్ధమో, రాజు హత్యో కానక్కరలేదు. ఒక ఖర్చును ఎవరు భరించాలన్న తగాదా అయినా చాలు. ఇంకా చెప్పాలంటే అటువంటి చిన్న నిర్ణయమే మంచిది, ఎందుకంటే అది మన చేతుల్లో కూడా అటో ఇటో అయి ఉండేదని పాఠకుడికి అనిపిస్తుంది.

నేను ఎంచుకున్న చోటు ఇది. 1832-33లో గుంటూరు సీమను డొక్కల కరువు పట్టుకుంది. అది నందన నామ సంవత్సరం కావడంతో నందన కరువు అని కూడా అంటారు. అప్పటి గుంటూరు జిల్లాలోని సుమారు అయిదు లక్షల జనంలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది దాకా చనిపోయారని లెక్కలు చెబుతాయి. కృష్ణ సముద్రంలోకి పోతూనే ఉంది, పక్క పొలాలకు మాత్రం చుక్క రాలేదు. ఆ అనుభవం తరువాతనే బెజవాడ దగ్గర నదికి అడ్డంగా ఆనకట్ట కట్టాలన్న వాదం బలపడింది. 1852లో కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో మొదలైన ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. కుంపెనీ ప్రభుత్వం ఖర్చు పెట్టింది, కాలువలు తవ్వించింది, నీటి తీరువా వసూలు చేసింది. ఆ పాలనలో అన్యాయాలు ఎన్ని ఉన్నా, కాలువలో నీరు ఒక కుటుంబం సొత్తు కాలేదు.

నా కథలో మద్రాసు ప్రభుత్వం ఆ ఖర్చు తాను పెట్టనంటుంది. కరువు రోజుల్లో ధాన్యం దాచుకుని బతికిపోయిన కొన్ని కుటుంబాలు ముందుకు వచ్చి, తామే డబ్బు పోసి ఆనకట్ట కట్టిస్తాయి. అందుకు ప్రతిఫలంగా తూముల తాళంచెవులు వంశపారంపర్యంగా వాళ్ల చేతికి వస్తాయి. మార్పు అంతే. ఆ ఊళ్లో ఎవరూ రాక్షసులు కారు. చచ్చిపోయినవాళ్లను కళ్లారా చూసి, ఇంకెప్పుడూ అలా చావకూడదని దాచుకోవడం నేర్చుకున్నవాళ్లు, తమ పిల్లలకూ అదే నేర్పినవాళ్లు.

పంచాంగం ఇక్కడ రచయితకు ఒక పెద్ద సాయం చేస్తుంది. నందన అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తుంది కనుక, 1832 తరువాత 1892, 1952, 2012 సంవత్సరాలు నందనలే. మన లోకంలోనే పాత ఆనకట్టకు గండి పడింది 1952లో, అదీ నందనలోనే. అటువంటి పోలికను చీకటి బెజవాడ ఎలా చదువుకుంటుందో ఆలోచించండి. అక్కడ నందన అంటే ఒక పేరు కాదు, ఒక గడువు. ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో ఆ ఊరివాళ్లు వినేది ఒక్కటే, నందనకు ఇంకా ఎన్నేళ్లు మిగిలాయన్నది.

రెండవ పని: ఆ మార్పును గొలుసులా లాగుతూ రండి

ఒక తెల్లకాగితం మీద ఎడమవైపు మన ఊరు, కుడివైపు ఆ ఊరు అని రాసుకుని, మారనివాటితో మొదలుపెట్టండి. కొండలు మారవు. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య నది ఇరుకుగా సాగడం మారదు. బుడమేరు వానాకాలంలో పొంగడం మారదు. వేసవిలో ఎండ మారదు. మారనివి ఎంత ఎక్కువగా ఉంటే, మారినది అంత గట్టిగా తగులుతుంది.

తరువాత మారేవాటిని ఒకదాని వెనుక ఒకటి తీయండి. మన గాంధీ కొండకు పూర్వం ఓర్ కొండ అని పేరు ఉండేది. ఓర్ ఆనకట్ట కట్టని లోకంలో ఆ పేరూ ఉండదు, దాని తరువాత వచ్చిన పేరూ ఉండదు. కనుక మీ ప్రయాణికుడు ఆ కొండను చూపించి పేరు చెప్పిన క్షణాననే పరాయివాడని తేలిపోతాడు. నీరు అందరికీ పారని చోట డెల్టా అంతా పండదు, పండని చోటికి 1893లో కృష్ణ మీద రైలు వంతెన అదే తొందరతో పడదు, రైళ్లు కలవని ఊళ్లో 1921 నాటి అఖిల భారత కాంగ్రెస్ సమావేశం జరగదు, ఆ సమావేశమే లేకపోతే పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా చూపించిన సందర్భం కూడా అక్కడ ఉండదు. ఇదంతా కథలో రాయమని కాదు. ఈ గొలుసు మీకు తెలిసి ఉండాలి. నేను నలభై పేజీల గొలుసు రాసుకుని, కథలో రెండు పేజీలు కూడా వాడలేదు. కాని రైల్వే స్టేషన్ ఉండవలసిన చోట నా పాత్ర ఆగిపోయి ధాన్యపు కొట్లను చూసినప్పుడు, అవి అక్కడ ఎందుకున్నాయో నాకు తెలుసు కనుక ఆ వాక్యం తడబడలేదు.

మన బ్యారేజీని ఒకసారి తెల్లవారుజామున నడిచి చూడండి. ప్రకాశం పంతులు గారి పేరు పెట్టిన ఈ కట్టడం 1957లో పూర్తయింది. పొడవు సుమారు 1,223 మీటర్లు, గేట్లు 70. ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవడానికి ఎంతసేపు పడుతుందో, మధ్యలో గాలి ఎటు కొడుతుందో, గేటు కొద్దిగా ఎత్తినప్పుడు కింద నీరు చేసే చప్పుడు పైన ఎలా వినిపిస్తుందో రాసుకోండి. చీకటి బెజవాడలో ఆ 70 గేట్లు ఉండవు, పాత రాతి ఆనకట్టే ఉంటుంది. కాని దాని పక్కన నిలబడినవాడి చెవి మాత్రం మీరు నడిచి తెచ్చుకున్నదే.

మూడవ పని: తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎందుకు మూసుకుంటుందో ఖాయం చేయండి

బ్యారేజీ పూర్తయిన 1957లోనే అమెరికాలో హ్యూ ఎవరెట్ అనే యువ భౌతిక శాస్త్రవేత్త తన సిద్ధాంతాన్ని ప్రచురించాడు. ఒక కొలతకు వీలైన ఫలితాలన్నీ వేర్వేరు శాఖలుగా నిజమవుతాయని దాని సారాంశం. తరువాతివారు దానికి అనేక లోకాల వ్యాఖ్యానం అని పేరు పెట్టారు. ఇటువంటి కథలు రాసేవారు చాలామంది దానిని ఆసరా చేసుకుంటారు. నా సలహా వేరు. ఆ సిద్ధాంతంలో శాఖలు విడిపోయాక ఒకదాని నుంచి మరొకదానిలోకి మనుషులు నడిచి వెళ్లే దారి లేదు. దానిని ఆధారంగా చూపిస్తే, తెలిసిన పాఠకుడి దగ్గర మీ మాట నిలవదు. అంతకంటే మన దగ్గర ఉన్న గడియారాన్నే వాడుకోండి.

ఆ గడియారం పుష్కరం. గురుడు కన్యారాశిలో ప్రవేశించినప్పుడు కృష్ణకు పుష్కరాలు వస్తాయి, అంటే పన్నెండేళ్లకొకసారి. కిందటివి 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు జరిగాయి, మళ్లీ 2028లో. రెండు లోకాల్లోనూ ఆకాశం ఒకటే కనుక గురుడు రెండింటిలోనూ అదే రోజున కన్యలోకి వస్తాడు. నా కథలో రెండు కృష్ణలు కలిసేది ఆ పన్నెండు రోజులే. చివరి రోజు సాయంత్రం పద్మావతి ఘాట్ దగ్గర మునిగినవాళ్లు అక్కడ తేలితే, మళ్లీ తిరిగి రావడానికి పన్నెండేళ్లు ఆగాలి. చిక్కుకోవడం అన్న మాటకు ఇంత బరువు వేరే ఏ యంత్రమూ ఇవ్వదు. పైగా ఆ ఊళ్లో ఘాట్లకు తాళాలు ఉంటాయి. నీళ్ల దగ్గరికి వెళ్లడమే నేరమైన చోట, 2028 నాటికి నీళ్లలో దిగగలిగే స్థితికి చేరుకోవడం ఎలాగన్నదే కథ నడక అవుతుంది.

ఒకసారి నిర్ణయించిన నియమాన్ని చివరి దాకా మార్చకండి. ఇరుకున పడినప్పుడు మరొక తలుపు తెరిచే రచయితను పాఠకుడు క్షమించడు.

నాలుగవ పని: వెళ్లేవాళ్లను ఎంచుకోండి

ముగ్గురు చాలు. ఆ ఊరిని పట్టి ఉంచిన వస్తువుతో రోజూ పనిచేసే మనిషి వారిలో ఒకరు కావాలి. నా కథలో నీరే ఆ వస్తువు కనుక, కాలువ లాకుల దగ్గర పనిచేసే లస్కరు వీరాస్వామిని తీసుకున్నాను. రెండవది నర్సింగ్ చదువుతున్న అతని మేనకోడలు. మూడవవాడు కొండపల్లి బొమ్మలు చేసే ముసలాయన. తెల్ల పొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అవయవాలు అతికించే ఆయన చేతులు, మిగిలినవాళ్ల కళ్లు చూడలేనివి చూస్తాయి. అక్కడి అంగట్లో ఒక బొమ్మను తీసుకుని వేలితో తడిమి, "పని నాదే. కాని ఈ గంగిరెద్దు పక్కన మనిషిని అతికించనేలేదు" అంటాడు.

అయిదవ పని: ప్రతిరూపాలను తయారుచేయండి

ప్రతిరూపం అంటే మన మనిషికి వ్యతిరేకం అనుకోవడమే అన్నిటికంటే పెద్ద తప్పు. ఇక్కడి మంచివాడు అక్కడ చెడ్డవాడు, ఇక్కడి ధైర్యవంతుడు అక్కడ పిరికివాడు అని తిప్పి రాస్తే, అది అద్దంలో బొమ్మ అవుతుంది తప్ప మనిషి కాదు. గుణాలు అవే ఉంచండి. ఆ గుణాలు ఎవరికి పనిచేస్తున్నాయో అది మార్చండి.

ఈ మాట నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మేము మూడవ అంతస్తులో ఉన్నాము. మరునాడు బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిందని, కొట్టుకొచ్చిన పడవలు గేట్లను గుద్దుకుని కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయని ఫోన్లలో వింటూ, కింద వీధిలో మెడలోతు నీళ్లు చూస్తూ కూర్చున్నాము. ఆ ఉదయం ఒక పడవ మనిషి మా మెట్ల దగ్గరికి వచ్చి, తలకు ఇంత ఇస్తేనే ఎక్కించుకుంటానని గట్టిగా అన్నాడు. ఎదురింటివాళ్ల దగ్గర అంత డబ్బు లేకపోతే పడవను తిప్పేశాడు. సాయంత్రం అతనే, అదే పడవతో, పక్క వీధిలోని ఒక ముసలావిడను భుజం మీద మోసుకొచ్చి పడవలో కూర్చోబెట్టి, తన తువ్వాలు ఆవిడ తలకు చుట్టి తీసుకుపోయాడు. డబ్బు మాట ఎత్తలేదు. ఉదయానికీ సాయంత్రానికీ మధ్య అతనికి ఏం జరిగిందో నాకు తెలియదు. పడవను గోడకు తగలకుండా తెడ్డుతో ఒడుపుగా తిప్పిన తీరు మాత్రం రెండుసార్లూ ఒకటే. ఆ చేతులను చూశాకనే నా రెండవ వీరాస్వామిని రాయగలిగాను.

మన వీరాస్వామి గేటు గొలుసును అరచేత్తో పట్టుకుని, ఆ బిగువును బట్టి అవతల నీరు ఎంత ఉందో చెబుతాడు. అక్కడి వీరాస్వామీ చెబుతాడు. ఇతను శివారు ఆయకట్టు రైతు వచ్చి బతిమాలితే, వంతు దాటినా అరగంట ఎక్కువ వదులుతాడు. అతను అదే అరగంట ముందే తూము దించి, మిగిల్చిన నీటిని యజమాని లెక్కలో చూపించి, దానితో తన కూతురికి కడుపునిండా తిండి పెట్టుకుంటాడు. ఇద్దరిదీ ప్రేమే. ఇక్కడిది గట్టు దాటి పోయింది, అక్కడిది గడప లోపల ఆగిపోయింది. మీ ప్రతి పాత్రకూ ఇటువంటి ఒక్క పని, ఒక్క ఒడుపు రెండు లోకాల్లోనూ ఉండేలా చూసుకోండి.

మన పూర్వులకు ప్రతిరూపాల కథలు కొత్తవి కావు. వాటిని శ్రద్ధగా చదివితే పనితనం తెలుస్తుంది. యోగవాసిష్ఠంలోని లీలోపాఖ్యానంలో భర్త పద్మరాజు మరణించాక రాణి లీల సరస్వతి అనుగ్రహంతో మరొక జగత్తులోకి వెళుతుంది. అక్కడ ఆయన విదూరథుడనే రాజుగా ఉంటాడు, పక్కన మరొక లీల ఉంటుంది. తనను తాను చూసుకున్న లీల ఆమెను శత్రువుగా చూడదు. ఇద్దరు లీలలూ ఒక్క మనిషి కోసమే దుఃఖపడతారు. ప్రతిరూపం ఎదురుపడిన సన్నివేశం రాసేటప్పుడు కత్తులు దూయించే ముందు దీనిని గుర్తుచేసుకోండి.

రెండవది ఛాయ కథ. సూర్యుడి వేడిని భరించలేక ఆయన భార్య సంజ్ఞ తన నీడకు ప్రాణం పోసి, తన చోట నిలిపి వెళ్లిపోతుంది. రూపం అదే, గొంతు అదే, సూర్యుడు కూడా పోల్చుకోలేకపోతాడు. ఛాయ తనకు పుట్టిన పిల్లలను ఎక్కువగా చూస్తుంది, సంజ్ఞ పిల్లలను తక్కువ చేస్తుంది. ఒకనాడు కోపంలో సంజ్ఞ కొడుకైన యముడిని శపిస్తుంది. కన్నతల్లి బిడ్డను అలా శపించదని అప్పుడు తెలిసిపోతుంది. మొహం వల్ల దొరకని మనిషి మమకారం తీరులో దొరికిపోయింది. మీ ప్రయాణికులు ప్రతిరూపాలుగా నటిస్తూ తిరగవలసి వస్తుంది కదా. వాళ్లను పట్టించే ఆనవాలు పుట్టుమచ్చ కాకూడదు, ఛాయ విషయంలో జరిగినట్టే జరగాలి. అయితే తలకిందులుగా జరగాలి. మనవాళ్లు దొరికిపోయేది ఎక్కువ ప్రేమ చూపినందుకు.

ఆరవ పని: ఆ ఊరి తెలుగును తయారుచేయండి

ఈ పనికి నేను అన్నిటికంటే ఎక్కువ కాలం పెట్టాను. మీరూ పెట్టాలని కోరుతున్నాను, ఎందుకంటే తెలుగులో రాసేవారికి దొరికిన ఈ పనిముట్టు ఇంగ్లీషులో రాసేవారికి లేదు.

మనకు "మనం" వేరు, "మేము" వేరు. ఎదుటివాడిని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. రోజుకు వందసార్లు ఆలోచించకుండానే ఈ లెక్క వేస్తుంటాము. బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషితో కూడా "మన ఊళ్లో ఎండలు చూశారా" అంటాము. దాచుకోవడం మీద నిలబడిన ఊళ్లో ఈ మాటకు ఏమవుతుంది? నా చీకటి బెజవాడలో "మనం" చచ్చిపోలేదు, కాని ఇంటి గడప దాటదు. వీధిలో ఎవరూ అనరు. దానితోపాటు "వెళదాం", "తిందాం", "చూద్దాం" అనే మాటలూ బయట వినిపించవు, ఎందుకంటే ఆ "దాం"లో ఎదుటివాడు కూడా ఉన్నాడు. అక్కడ "మీరు వెళ్లండి" అంటారు, "మేము వెళతాము" అంటారు, కలిసి వెళ్లడానికి మాట లేదు.

దీనిని వివరించకుండా చూపించాలి. నా కథలో వీరాస్వామి నీళ్లలోంచి లేచి, గట్టెక్కి, మొదట కనిపించిన ముసలావిడను పలకరిస్తాడు.

"అమ్మా, జనమంతా ఏమయ్యారు? ఇందాకటి దాకా మనం నిలబడడానికి కూడా చోటు లేదు కదా ఇక్కడ."

ఆవిడ బిందెను చంకలోకి లాక్కుని, అతని వెనకాల చూసింది. ఎవరూ లేరు.

"మనం అంటే ఎవరెవరు?" అంది.

ఆ ప్రశ్నలో బెదిరింపు లేదు, నిజంగానే తెలియక అడిగింది. కొరడాలు రాసిన నా పాత ప్రతిలో ఎక్కడా భయపడని మా మేనత్త ఇక్కడ కాగితం పక్కన పెట్టి కాసేపు ఊరుకుంది.

ఆ సన్నివేశంలో వీరాస్వామి "అమ్మా" అన్నాడని, ఆవిడ తిరిగి "బాబూ" అనలేదని గమనించండి. విజయవాడలో ఆటో ఎక్కితే బాబాయ్, కూరగాయల దగ్గర అక్కా, పిన్నిగారూ, బండి ఆపినవాడిని అన్నా అంటాము. రక్తసంబంధం లేనివారిని వరుస కలిపి పిలిచే ఈ అలవాటును ఆ ఊరి నుంచి పూర్తిగా తీసేయండి. అక్కడ పనిని బట్టి పిలుస్తారు, "తూములాయనా", "కొట్టు మనిషీ" అని. నర్సింగ్ చదివే అమ్మాయి ఒక రోగిని అలవాటుగా "తాతగారూ" అని పిలిస్తే, ఆయన తన ఆస్తిలో వాటా అడుగుతోందేమోనని బెదిరిపోతాడు. వరుస అంటే అక్కడ దావా.

రెండు పాత్రలకు ఒకే పేరు ఉండడం వల్ల వచ్చే తికమకకు కూడా తెలుగులోనే మందు ఉంది. కొందరు పేరు పక్కన అంకెలు వేస్తారు, కొందరు ఇంటిపేరు మారుస్తారు. అవసరం లేదు. మన వీరాస్వామిని కథకుడు "అతను" అనాలి, అక్కడివాడిని "వాడు" అనాలి. మొదటి అధ్యాయం నుంచి ఈ తేడాను గట్టిగా పాటిస్తే, పేరు రాయకపోయినా ఎవరు మాట్లాడుతున్నారో పాఠకుడికి తెలుస్తుంది. తరువాత ఏదో ఒక పేజీలో, వాడు తొలిసారి గట్టు దాటి ఆలోచించిన చోట, కథకుడు చెప్పాపెట్టకుండా వాడిని "అతను" అనడం మొదలుపెట్టాలి. ఆ పేజీ ఎక్కడ రావాలో ముందే నిర్ణయించుకోండి.

తనను తాను ఎలా పిలవాలన్నది మరొక చిక్కు. ప్రతిరూపం ఎదురైనప్పుడు నువ్వు అనాలా, మీరు అనాలా? నేను పాత్రలనే అడిగాను. బొమ్మలాయన తన ప్రతిరూపాన్ని "మీరు" అన్నాడు, ఆ పనితనానికి గౌరవం ఇచ్చి. అమ్మాయి "నువ్వు" అంది. వీరాస్వామి నాలుగు పేజీల పాటు ఏ మాటా వాడకుండా "ఎక్కడుంటారో, ఏం చేస్తారో" అని గోడతో చెప్పినట్టు చెప్పాడు. ఈ మొహమాటం తెలుగువాడికి సహజం, దానిని కథలో ఉండనివ్వండి.

ఏడవ పని: వస్తువులను వెతకండి

చీకటిని వస్తువుల మీద పెడితే వర్ణనలు తగ్గుతాయి. నాకు బాగా పనికివచ్చింది ఆవకాయ జాడీ. మన వాడలో వేసవిలో కొత్త ఆవకాయ కలిపిన ఇంటి నుంచి పక్కింటికి చిన్న గిన్నె వెళుతుంది, ఆ గిన్నె ఖాళీగా తిరిగి రాదు. అక్కడ జాడీ మూతికి కట్టిన గుడ్డ ముడి మీద లక్క ముద్ర ఉంటుంది, పై గుడ్డ మీద తేదీ, లోపల ఎన్ని ముక్కలున్నాయో అంకె. మన అమ్మాయి ఆకలితో రెండు ముక్కలు తీసి తింటుంది. రాత్రి ఆ ఇంటి ఇల్లాలు దీపం దగ్గర కూర్చుని, ముక్కలను చెంచాతో ఒక్కొక్కటే పళ్లెంలోకి తీసి, నూనె కారుతున్న వేళ్లతో లెక్కపెట్టి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతుంది. ఆవిడ అరవదు. పిల్లల వైపు ఒకసారి చూసి, తన విస్తట్లోని రెండు ముక్కలు తిరిగి జాడీలో వేస్తుంది. ఆ ముద్ర రాసినంత మాత్రాన చీకటి రాలేదు, ఆవిడ తన వాటాను తిరిగి వేసినప్పుడు వచ్చింది.

మీ ఇంట్లో తాళం లేని వస్తువులను ఒక పూట కూర్చుని రాసుకోండి. మంచినీళ్ల కుండ, ఉప్పు డబ్బా, అరుగు, బావి చేద, గుమ్మం దగ్గరి చెప్పులు. వాటిలో ఒక్కదానికి మాత్రమే తాళం వేయండి. అన్నిటికీ వేస్తే జైలు అవుతుంది, ఊరు కాదు.

ఎనిమిదవ పని: తిరుగు ప్రయాణం

ఎవరు తిరిగి వస్తారో, ఎవరు అక్కడే ఉండిపోతారో రాయడం మొదలుపెట్టక ముందే తెలిసి ఉండాలి. పన్నెండేళ్లలో వయసు పెరుగుతుంది. 2016లో ఇరవై ఏళ్ల అమ్మాయికి 2028లో ముప్పై రెండు, అక్కడ ఆమె చేతుల మీదుగా పుట్టిన పిల్లలకు పదేళ్లు. ముసలాయన ఆ నీళ్ల దాకా నడవగలడా అన్నది కూడా చూసుకోవాలి. ముగ్గురూ క్షేమంగా వచ్చేశారంటే ఆ పన్నెండేళ్లు ఎవరి మీదా పడలేదని అర్థం. నా కథలో బొమ్మలాయన రాడు. ఆయన ప్రతిరూపానికి మనిషిని అతికించడం నేర్పడం ఇంకా పూర్తి కాలేదు.

వచ్చినవాళ్లు కూడా మారి వస్తారు. ఇన్నేళ్లూ "మేము" అని మాత్రమే మాట్లాడిన నోరు, పద్మావతి ఘాట్ మెట్ల మీద, లక్షల మంది మధ్య, ఏ మాటతో మొదలుపెడుతుందో అక్కడ రాయండి. ఇంటికి వచ్చాక అన్నం కుండ దగ్గర వీరాస్వామి చేయి ఎంతసేపు ఆగుతుందో రాయండి.

ప్రతి పూర్తయ్యాక

రెండు రంగుల పెన్సిళ్లు తీసుకోండి. చీకటి ఊళ్లో జరిగే పేజీలలో వీధి సంభాషణలను గట్టిగా చదువుతూ, ప్రతి "మనం" కిందా, ప్రతి "దాం" కిందా ఎర్రగీత గీయండి. అవి మనవాళ్ల నోట ఉంటే ఆ పొరపాటుకు శిక్ష ఏదైనా పడిందా చూడండి. అక్కడివాళ్ల నోట ఉంటే కొట్టేయండి. వరుసలు కలిపిన పిలుపులకు నీలిగీత గీసి అదే చేయండి. నా ప్రతిలో మొదటిసారి డెబ్బైకి పైగా ఎర్రగీతలు వచ్చాయి. అలవాటు అంత బలమైనది.

అన్నీ కొట్టేశాక ఒక్కటి మిగలాలి. 2028లో ఘాట్ తాళం తెరిచి నిలబడిన అక్కడి వీరాస్వామి, చీకట్లో తన మొహాన్నే చూస్తూ, "పద, దిగుదాం" అంటాడు. ఆ మాట ఏ పేజీలో వచ్చిందో చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి చదవండి. వాడు ఆ మాట అనడానికి తగిన కారణం కనీసం మూడు చోట్ల కనబడకపోతే, కథను పత్రికకు పంపకుండా ఇంకొక వేసవి దగ్గర ఉంచుకోండి.